పికప్‌లు మార్చే ముందు స్క్రూడ్రైవర్ పట్టుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. రెండేళ్ళుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నారు. మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న (పికప్ అంటే తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం, సింగిల్ కాయిల్ అంటే అందులో ఒకే రాగి చుట్ట ఉన్న రకం) స్ట్రాటోకాస్టర్ తరహా గిటారు, ఆ సంకేతాన్ని పెంచి వినిపించే 20 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్, అందులో 8 అంగుళాల స్పీకరు, ఒక డిస్టార్షన్ పెడల్ ఉన్నాయి. ఎక్కువగా రాత్రిపూట తక్కువ శబ్దంతో సాధన చేస్తారు. నాదం పలచగా వస్తోంది. బ్రిడ్జి పికప్‌కు, అంటే తీగలు గిటారు ఒంటికి ఆనే చోటి పక్కనున్న దానికి, మారితే చెవిలో సూది గుచ్చినట్టుంది. పెడల్ తొక్కితే కందిరీగల తుట్టె కదిలినట్టుంది. స్నేహితులతో కలిసి వాయించినప్పుడు మీ గిటారు ఎవరికీ వినబడటం లేదు. పికప్‌లన్నీ తీయించి హంబకర్లు (రెండు కాయిల్స్ ఉన్న పికప్‌లు) పెట్టించాలా, లేక గిటారే మార్చేయాలా అని అడిగారు.

రెండూ వద్దు. ఇప్పుడు మాత్రం అసలు వద్దు. మీరు చెప్పిన ఇబ్బందుల్లో పికప్ మారిస్తేనే పోయేది ఒక్కటీ లేదు. ముందు కొత్త తీగలు వేయండి, ఉన్న పికప్‌ల ఎత్తు సరిచేయండి, ఆంప్ మీద ట్రెబుల్ (పై స్వరాలు), గెయిన్ (శబ్దాన్ని గరుకుగా మార్చేంత సంకేతాన్ని పెంచే నాబ్) తగ్గించి మిడ్ (మధ్య స్వరాలు) పెంచండి, స్పీకరును మీ చెవి వైపు తిప్పండి. ఈ నాలుగు పనులూ ఒక మధ్యాహ్నంలో అయిపోతాయి. ఆ తర్వాత ఇంకా అసంతృప్తి మిగిలితే అప్పుడు పికప్‌ల సంగతి ఆలోచించవచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను 22 ఏళ్ళుగా వాయిస్తున్నాను, అందులో సగానికి పైగా కాలం ఇతరుల గిటార్లు సరిచేసి ఇస్తున్నాను. నా మొదటి గిటారుకు ఏడాది తిరిగేలోగా బ్రిడ్జి పికప్‌ను రెండుసార్లు మార్చాను. రెండుసార్లూ మొదటి రెండు రోజులు కొత్తగా వినిపించింది, మూడో రోజు మళ్ళీ అదే సూది. ఒకసారి రిహార్సల్‌కు మాకంటే చాలా అనుభవమున్న పెద్దాయన ఒకరు వచ్చారు. నా గిటారు అడిగి తీసుకున్నారు. వాయించే ముందు ఆంప్ దగ్గర వంగి, 8 మీద ఉన్న ట్రెబుల్‌ను 4కు తెచ్చారు, 2 మీద ఉన్న మిడ్‌ను 6కు పెంచారు, 9 మీద ఉన్న గెయిన్‌ను 4కు దించారు. గిటారు మీద వాల్యూమ్ నాబ్‌ను 7 దగ్గర నిలిపారు. అదే పికప్, అవే తీగలు, అదే ఆంప్. మొదటి స్వరం మీటగానే గదిలో మాటలు ఆగిపోయాయి. నేను ఏడాదిగా వెతుకుతున్న నిండుదనం నా గిటారులోనే ఉందని ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు ఒక్కొక్కటీ చెప్తాను.

తీగలు. పాత తీగలు నాదాన్ని మసకబారుస్తాయి గానీ పదును చేయవు కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే. అయితే జరిగేది ఏమిటంటే, తీగలు రోజూ కొంచెం కొంచెంగా మసకబారుతుంటే మన చేయి ఆంప్ మీద ట్రెబుల్‌ను కొంచెం కొంచెంగా పెంచుతూ పోతుంది. మూడు నెలలయ్యేసరికి తీగలో దమ్ము ఉండదు, ఆంప్‌లో ట్రెబుల్ మాత్రం చివరి అంచున ఉంటుంది. పలచగా, గరుకుగా వినిపించే శబ్దం చాలావరకు ఇలా తయారైనదే. తీగ కింది భాగాన్ని ఫ్రెట్‌ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) మీదుగా గోటితో రాసి చూడండి. ఫ్రెట్‌ తగిలే చోటల్లా చిన్న గంటు తెలుస్తుంటే ఆ తీగల పని అయిపోయినట్టే. కొత్తవి వేశాక నాబ్‌లన్నీ మధ్యకు తెచ్చి మొదటి నుంచి మొదలుపెట్టండి.

తీగల మందం గురించి కూడా అడుగుతారని ఊహిస్తున్నాను. సైజు అంటే సెట్‌లో అన్నింటికంటే సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13 సైజు తీగలు వేసి, గిటారును అర స్వరం కిందికి శ్రుతి చేసి వాయించేవారు. జీజీ టాప్ బృందం గిటారిస్టు బిల్లీ గిబ్బన్స్ 7 సైజు అంతటి సన్నని తీగలతో వాయిస్తారు. ఇద్దరి నాదమూ బొద్దుగానే ఉంటుంది. కాబట్టి మీ చేతికి హాయిగా ఉన్న 9 లేదా 10 సెట్ వాడండి, అక్కడితో ఆ చర్చ ముగించండి.

పికప్ ఎత్తు. నాకు మాట్లాడటం ఇష్టమైన విషయం ఇదే, ఎందుకంటే దీన్ని ముట్టుకునేవాళ్ళు చాలా తక్కువ. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. దాని పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. తీగకూ పికప్‌కూ మధ్య దూరం ఒక్క మిల్లీమీటరు మారినా ఆ విద్యుత్తు బలం, స్వభావం రెండూ మారతాయి. మరీ దూరంగా ఉంటే సంకేతం బలహీనపడి పలచగా వస్తుంది. మరీ దగ్గరగా ఉంటే మీటిన క్షణం మాత్రం గట్టిగా, కటువుగా తగిలి, ఆ వెంటనే స్వరం పడిపోతుంది.

కొలిచే పద్ధతి ఇది. బొద్దు తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. ఆ తీగ అడుగుకూ దాని కింద ఉన్న పికప్ ధ్రువం పైభాగానికీ మధ్య సందును స్కేలుతో చూడండి. స్ట్రాట్ తరహా సింగిల్ కాయిల్‌కు బొద్దు తీగ వైపు 2 నుంచి 2.4 మి.మీ., సన్న తీగ వైపు 1.6 నుంచి 2 మి.మీ. మంచి ఆరంభం. పికప్ రెండు చివరలా ఉన్న స్క్రూలను కుడివైపు తిప్పితే పికప్ పైకి వస్తుంది, ఎడమవైపు తిప్పితే దిగుతుంది. ఒకేసారి ఎక్కువ తిప్పవద్దు. పావు చుట్టు తిప్పడం, వాయించి వినడం, మళ్ళీ పావు చుట్టు. బ్రిడ్జి దగ్గర తీగ ఊపు తక్కువ కాబట్టి అక్కడి పికప్ మిగతా రెండింటి కంటే కాస్త దగ్గరగా ఉండాలి. మెడ వైపు ఊపు ఎక్కువ, అక్కడ పికప్‌ను దించాలి. మూడు స్థానాల మధ్య స్విచ్ తిప్పుతూ ఒకే స్వరాన్ని వాయిస్తే మూడూ ఇంచుమించు ఒకే గట్టిదనంతో వినిపించాలి. చాలా గిటార్లలో మూడు పికప్‌లూ ఒకే ఎత్తులో బిగించి వస్తాయి. అలా ఉంటే మెడ పికప్ హోరెత్తుతుంది, బ్రిడ్జి పికప్ కీచుమంటుంది. మీ ఫిర్యాదు వింటే మీ గిటారు పరిస్థితీ ఇదే అయ్యుంటుందని నా గట్టి నమ్మకం.

ఒక కుర్రవాడు ఒకసారి తన గిటారు తెచ్చాడు. పన్నెండో ఫ్రెట్ దాటితే బొద్దు తీగ శ్రుతి నిలవడం లేదని, మెడ వంగిపోయిందని, మెడే మార్చాలని ఎవరో చెప్పారట. వాయించి చూపించాడు. ఒకే తీగ రెండు శ్రుతులు పలుకుతున్నట్టు, స్వరం లోపల అల కదులుతున్నట్టు ఉంది. ట్యూనర్ ముల్లు ఒకచోట నిలవడం లేదు. బ్రిడ్జి మీద ఆ తీగ శాడిల్‌ను (తీగ ఆనే చిన్న లోహపు ముక్కను) ఎంత వెనక్కి వెళ్తుందో అంత వెనక్కి తీసి ఉంచాడు పాపం. చివరి ఫ్రెట్ నొక్కి చూస్తే తీగకూ మెడ పికప్‌కూ మధ్య పోస్టుకార్డు కూడా దూరేలా లేదు. ఆ అయస్కాంతం తీగను తన వైపు లాగుతోంది, అంతే. రెండు స్క్రూలనూ చెరో రెండు చుట్లు దించాను. మళ్ళీ మీటాడు. ముల్లు వచ్చి ఒక్కచోట ఆగింది. శాడిల్‌ను మామూలు చోటికి తెచ్చి స్వరస్థానాలు సరిచేస్తే పని పూర్తయింది. ధ్రువాలే అల్నికో అయస్కాంతాలైన పికప్‌లలో ఈ లాగుడు ఎక్కువ. అడుగున సెరామిక్ అయస్కాంతం, పైన మామూలు ఉక్కు ధ్రువాలు ఉన్న రకంలో తక్కువ, వాటిని ఇంకొంచెం దగ్గరకు తేవచ్చు.

బ్రిడ్జి పికప్ సూదిలా గుచ్చడానికి ఇంకో కారణం ఉంది, ఇది చాలామందికి తెలియదు. స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చినప్పటి నుంచి దాని సంప్రదాయ వైరింగ్‌లో బ్రిడ్జి పికప్‌కు టోన్ నాబే లేదు. ఒక టోన్ నాబ్ మెడ పికప్‌కు, ఇంకొకటి మధ్య పికప్‌కు. అన్నింటికంటే పదునైన పికప్‌కు మాత్రం ఏ కళ్ళెమూ లేదు. మీ గిటారులో ఎలా ఉందో ఇప్పుడే చూసుకోవచ్చు. బ్రిడ్జి పికప్ మీద ఉంచి టోన్ నాబ్‌లు రెండూ పూర్తిగా తగ్గించండి. శబ్దంలో ఏ మార్పూ రాకపోతే మీది పాత పద్ధతి వైరింగ్. పిక్‌గార్డ్ (పికప్‌లు, నాబ్‌లు బిగించి ఉన్న ప్లాస్టిక్ పలక) తీసి, స్విచ్‌లో టోన్ వైపు ఖాళీగా ఉన్న బ్రిడ్జి కాలును పక్కనున్న మధ్య పికప్ కాలుకు చిన్న వైరుతో కలిపి సోల్డర్ చేస్తే, రెండో టోన్ నాబ్ బ్రిడ్జి పికప్ మీద కూడా పనిచేస్తుంది. నేను సరిచేసిన స్ట్రాట్ తరహా గిటార్లలో యజమానికి అన్నింటికంటే ఎక్కువ సంతోషం కలిగించిన మార్పు ఈ రెండంగుళాల వైరు. టోన్‌ను 6 లేదా 7 దగ్గర ఉంచి వినండి. పదును పోయి, పలుకు మాత్రం మిగులుతుంది.

వాల్యూమ్ నాబ్‌ను కూడా ఎప్పుడూ 10 మీదే ఉంచేయకండి. దాన్ని తగ్గిస్తే శబ్దంతో పాటు ట్రెబుల్ కూడా కొంత పడిపోతుంది. కొందరు దీన్ని లోపంగా భావించి కెపాసిటర్ పెట్టి సరిచేస్తారు. మీలా పదునుతో బాధపడేవారికి అది వరం. 7 మీద వాయించి, సోలో వచ్చినప్పుడు 10కి తెస్తే ముందుకు వచ్చి నిలబడే స్వరం దానంతట అదే దొరుకుతుంది.

గెయిన్. కందిరీగల శబ్దానికి మొదటి నిందితుడు ఇదే. గెయిన్ పెరిగే కొద్దీ మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే ఎత్తులో వస్తుంది. కొట్టిన దెబ్బ ఆకారం చెరిగిపోతుంది, పైన రొద మాత్రం పేరుకుంటుంది. మీరు విన్న పెద్ద పెద్ద రికార్డింగుల్లో గెయిన్ మీరు ఊహించిన దానికంటే తక్కువగా ఉంటుంది. ఒకే భాగాన్ని రెండు మూడుసార్లు వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చడం వల్ల అంత బరువు వస్తుంది. పెడల్ గెయిన్‌ను ఇప్పుడున్న దానిలో సగానికి దించి, పెడల్ లెవెల్‌ను (బయటికి వచ్చే శబ్దం నాబ్‌ను) పెంచండి. మొదటి వారం చేతికి కష్టంగా ఉంటుంది, తప్పులన్నీ బయటపడతాయి. వాటిని బయటపడనివ్వండి. తీగ నొక్కే వేలు, మీటే వేలు అప్పుడే ఒకదానికొకటి అలవాటు పడతాయి.

ఇక స్నేహితులతో వాయిస్తే వినబడకపోవడం గురించి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే చూపించిన సంగతి ఇది: శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ బాగా తక్కువగా, మరీ పై స్వరాలు కూడా కొంత తక్కువగా వినిపిస్తాయి. అందుకే రాత్రిపూట చిన్నగా వాయిస్తూ మనం బేస్, ట్రెబుల్ పెంచుకుంటాం, మిడ్ తగ్గించుకుంటాం. గదిలో ఒంటరిగా అది గొప్పగా వినిపిస్తుంది. అదే అమరికతో డ్రమ్స్ పక్కకు వెళ్తే కథ మారిపోతుంది. మీ బేస్‌ను బేస్ గిటారూ కిక్ డ్రమ్మూ మింగేస్తాయి, మీ ట్రెబుల్‌ను సింబల్స్ కప్పేస్తాయి. గిటారుకు నిజంగా సొంతమైన చోటు మధ్యలో, ఇంచుమించు 500 హెర్ట్‌జ్ నుంచి 2,000 హెర్ట్‌జ్ దాకా. దాన్ని మీరే ఖాళీ చేసి పెట్టారు. ఇంటికొక అమరిక, బృందానికొక అమరిక రాసి పెట్టుకోండి. బృందంతో ఉన్నప్పుడు మిడ్‌ను ఒంటరిగా వింటే ముక్కుతో మాట్లాడినట్టు అనిపించేంత పెంచండి. నలుగురితో కలిసేసరికి అది సరిగ్గా అమరుతుంది.

వినబడటం లేదని 40 వాట్ల ఆంప్ కొనాలనే ఆలోచన వస్తే ఆగండి. అదే స్పీకరుతో వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెండింతలు అనిపించాలంటే ఇంచుమించు పదింతలు వాట్లు కావాలి. మిడ్ నాబ్ ముందు ఆ ఖర్చు దండగ.

స్పీకర్. ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఎంత సరిచేసినా 8 అంగుళాల స్పీకరున్న చిన్న పెట్టెకు ఒక హద్దు ఉంది, నాదం కింది భాగాన్ని అది బలంగా నెట్టలేదు. డబ్బు పెట్టాల్సి వస్తే నేను పికప్ మీద కాక స్పీకరు మీద పెడతాను. కానీ ముందు ఉన్నదాన్ని సరిగా వినండి. చాలామంది ఆంప్‌ను నేల మీద పెట్టి దాని ముందు నిలబడతారు. స్పీకరు నుంచి ట్రెబుల్ సన్నని ధారలా నేరుగా ముందుకు వస్తుంది. అది మీ మోకాళ్ళకు తగులుతుంది, మీ చెవికి మసక శబ్దం మాత్రమే చేరుతుంది. మీరు ట్రెబుల్ పెంచుతారు. ఎదురుగా కూర్చున్నవారి చెవులు చిల్లులు పడతాయి. ఆంప్‌ను కుర్చీ మీద పెట్టండి, లేదా వెనక్కి వంచి స్పీకరు మీ ముఖం వైపు చూసేలా చేయండి. ఈ ఒక్క మార్పుతో ట్రెబుల్ నాబ్‌ను మీ చేయే దించేస్తుంది.

మీ ఆంప్‌కు బయటి స్పీకరు జాక్ ఉంటే, తెలిసినవారి 12 అంగుళాల క్యాబినెట్‌కు కలిపి ఒకసారి వినండి. తేడా పికప్ మార్పు కంటే చాలా పెద్దది. అయితే ఓమ్‌లు (స్పీకరు మీద రాసి ఉండే విద్యుత్ నిరోధం) చూసుకోకుండా కలపవద్దు. ట్రాన్సిస్టర్ ఆంప్‌కు రాసి ఉన్న కనిష్ఠ ఓమ్‌ల కంటే తక్కువ స్పీకరు పెట్టకూడదు. వాల్వ్ ఆంప్ అయితే చెప్పిన ఓమ్‌లే ఉండాలి, స్పీకరు లేకుండా దాన్ని ఎన్నడూ వాయించకూడదు.

హెడ్‌ఫోన్లతో, కంప్యూటర్‌తో సాధన చేస్తే ఇంకో విషయం గమనించండి. గిటారు స్పీకర్లు ఇంచుమించు 5,000 హెర్ట్‌జ్ పైన ఉన్నదాన్ని బాగా తగ్గించేస్తాయి. డిస్టార్షన్ పెడల్‌ను నేరుగా హెడ్‌ఫోన్లలో వింటే ఆ వడపోత ఉండదు, రొదంతా చెవిలోకి వచ్చేస్తుంది. స్పీకరు అనుకరణ ఉన్న పెడల్ గానీ సాఫ్ట్‌వేర్ గానీ తప్పనిసరి. ఇంటర్‌ఫేస్‌లో (గిటారును కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో) వాద్యం కోసం ఉన్న ఇన్‌పుట్‌నే వాడాలి, లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పికప్ మీద భారం పడి నాదం చచ్చిపోతుంది.

చేతి సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే రాతతో వచ్చేది కాదు. పిక్‌ను బ్రిడ్జి పక్కన మీటితే పదును, మెడ వైపు జరిగితే గుండ్రదనం. పిక్ కొనను కొంచెం మాత్రమే బయట పెట్టి పట్టుకోండి. పలుచని పిక్ తీగకు తగిలినప్పుడు దాని టపటప కూడా వినిపిస్తుంది, 0.9 మి.మీ. లేదా ఆ పైన ఉన్నది ఒకటి ప్రయత్నించండి.

ఇంతా చేశాక పికప్ మార్చడం సబబైన సందర్భాలు ఉన్నాయి. మొదటిది, కరెంటు హమ్, అంటే ఆగకుండా వచ్చే గుంయ్‌మనే శబ్దం. సింగిల్ కాయిల్ స్వభావమే అది. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ 1955లో హంబకర్‌కు పేటెంట్ దరఖాస్తు చేసింది ఈ హమ్‌ను తొలగించడానికే: ఎదురెదురు తీరులో ఉన్న రెండు కాయిల్స్‌లో హమ్ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది, తీగ శబ్దం మాత్రం కలుస్తుంది. మీ మధ్య పికప్ ఎదురు చుట్టుతో చేసినదైతే స్విచ్ 2, 4 స్థానాల్లో (రెండేసి పికప్‌లు కలిసి పలికే చోట్ల) ఇదే లాభం మీకు ఇప్పటికే ఉంది. హమ్ మాయమవుతుందా లేదా విని చూడండి. ఒకవేళ ఆ స్థానాల్లో నాదం మరీ బోలుగా, రేడియోలో దూరపు స్టేషన్‌లా ఉంటే, ఎవరో ఒక పికప్ వైర్లు రెండూ తారుమారు చేసి కలిపారని అర్థం. ఆ పికప్ రెండు వైర్లనూ అటుదిటు చేస్తే సరిపోతుంది.

రెండోది, పికప్ చెడిపోవడం. మల్టీమీటర్‌తో చూస్తే మామూలు సింగిల్ కాయిల్ 5.5 నుంచి 7 కిలో ఓమ్‌ల దాకా చూపిస్తుంది. అసలు ఏమీ చూపకపోతే లోపల చుట్ట తెగింది. శబ్దం పెంచగానే కీచుమని అరుస్తుంటే లోపలి చుట్లు వదులయ్యాయి. మూడోది, మీరు వాయించే సంగీతమే బరువైన రిఫ్‌లతో (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటారు పదబంధాలతో) నిండినదైతే బ్రిడ్జి దగ్గర ఒక్క హంబకర్ నిజంగా సాయపడుతుంది. మూడూ మార్చనక్కర లేదు, సింగిల్ కాయిల్ సైజులోనే దొరికే హంబకర్ ఒకటి చాలు, పిక్‌గార్డ్ కోయాల్సిన పని కూడా ఉండదు. సింగిల్ కాయిల్స్‌కు సాధారణంగా 250 కిలో ఓమ్‌ల పాట్లు (నాబ్‌ల కింద ఉండే, నిరోధాన్ని మార్చే భాగాలు), హంబకర్లకు 500 కిలో ఓమ్‌లవి వాడతారు. మీ గిటారులో 250 ఉంటే హంబకర్ కొంచెం మెత్తగా వినిపిస్తుంది. మీ చెవికి అదే నచ్చవచ్చు, కాబట్టి పాట్ మార్చే ముందు ఒక వారం విని చూడండి.

అప్పుడు కూడా పాత పికప్‌ను తీసేటప్పుడు వైర్లను కత్తిరించకండి, సోల్డర్ కరిగించి మొత్తం పొడవుతో బయటికి తీయండి. ఏ వైరు ఎక్కడ ఉందో ముందు ఫోటో తీసుకుని, పికప్‌తో పాటు దాని స్క్రూలు, స్ప్రింగులు ఒకే కవరులో వేసి, ఏ స్థానానిదో పైన రాసి పెట్టండి.